చేతులు లేని పటం

నా చిన్నప్పుడు మా ఇంటి గోడలకు ఒక్క పటమూ ఉండేది కాదు. మాది సుమ్మాదేవి దగ్గర, కొబ్బరి, జీడి తోటల మధ్య ఉద్దానపు ఊరు. మా తాతయ్య బాప్టిస్టు సంఘంలో పెద్ద. మనిషి చేసినదానికి మనిషే మొక్కితే దేవుడు ముఖం తిప్పుకుంటాడని ఆయన నమ్మకం. క్యాలెండరు తెచ్చినా బొమ్మ ఉన్న సగం చింపేసి, తేదీలున్న సగమే మేకుకు తగిలించేవాడు. అంత చాదస్తం మరి.

మా అమ్మ ఆయనకు ఒక్కతే కూతురు. నాన్న పోయాక నన్ను తీసుకుని పుట్టింటికే వచ్చేసింది. రోజూ రైల్లో పలాస వెళ్ళి జీడిపిక్కలు కొట్టేది. ఎంత బూడిద రాసుకున్నా పిక్కల నూనెకి వేళ్ళు నల్లగా కాలి ఉండేవి. ఆ వేళ్ళతోనే నాకు జడ వేసేది. నా తొమ్మిదో ఏట కిడ్నీలు పాడై, కాళ్ళు ఉబ్బి చనిపోయింది. మిగిలింది పలాస స్టూడియోలో తీయించుకున్న ఒకే ఒక్క ఫోటో.

కొన్నాళ్ళకు అమ్మ ముఖం మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది. పక్కింటి అక్క వాళ్ళింట్లో పోయినవాళ్ళ పటాలకు దండలుండేవి. అది చూసి నేనూ ఫోటోను ఆ క్యాలెండరు మేకుకే కట్టి, కనకాంబరాల దండ వేసి, చేతులు జోడించి అమ్మతో మాట్లాడుతున్నాను. కొబ్బరితోట నుంచి వచ్చిన తాతయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఫోటో తీసి నా చేతికిచ్చి, "మీ అమ్మ సేతులేవే గుంటా, ఇందులో సూపించు" అన్నాడు. వెతికాను. స్టూడియోవాడు ముఖానికి పౌడరు పూయించి, ఆ నల్లటి చేతులను పైట కింద దాచేయించాడు.

"నీకు జడేసిన సేతులే ఇందులో నేవు. మరి ఇది మీ అమ్మెలాగవుతాది?" అంటూ ఫోటో తీసుకుని పొయ్యిలో పెట్టేశాడు.

ఆయన అన్నది నిజమే. కానీ నా కళ్ళ ముందు కాలిపోయింది మా అమ్మే. ఆ రోజు నుంచి తాతయ్య అంటే నాకు పగ.

ఏడాది తిరక్కుండానే ఆయనా మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, కిటికీ వెలుగులో కూర్చోబెట్టుకుని చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. "మీ అమ్మ మొకం గుర్తు రాట్నేదే. నవ్వితే నీకూ దాన్నాగే బుగ్గన సొట్ట పడతాది. ఓపాలి నవ్వే, తల్లీ" అన్నాడు.

పటం కాల్చిన మనిషి ఒక ముఖం కోసం అలా బతిమాలుకుంటాడని నేనెన్నడూ అనుకోలేదు. జాలేసింది. అయినా పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఆ వారంలోనే ఆయన పోయాడు.

ఇప్పుడు మా మనవరాలు ఫోటో తీస్తానని ఫోన్ ఎత్తినప్పుడల్లా చేతులు రెండూ కనబడేలా ఒళ్ళో పెట్టుకుంటాను. అది తాతయ్య నేర్పిందే. తాను ఇంకొకటి కూడా నేర్పానని ఆయనకు తెలియదు. నవ్వమని ఎవరడిగినా, నేనిప్పుడు ఆలస్యం చేయను.