మామ గీసిన వీపులు

"బిడ్డా, మామ పోయిండు. జల్ది రా" అని పోయిన ఆదివారం పొద్దున తాండూరు నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. వికారాబాద్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే, ఆయన గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఉండే ఆకుపచ్చ రంగే గుర్తుకొచ్చింది.

మా మేనమామది బషీరాబాద్ దగ్గరి పల్లె, గొర్రెలు కాసే కుటుంబం. ఉత్తరాదిలోని ఒక సైనిక కళాశాలలో డ్రాయింగ్ మాస్టారుగా చేరి, జీవితమంతా అక్కడి క్యాడెట్లనే గీశాడు. కవాతులు, వానలో పరుగుపందేలు, మెస్సులో పళ్లేల ముందు కునికిపాట్లు. రిటైరై తాండూరుకు వచ్చాక కూడా అవే. ఆయన గది నిండా ఆ కుర్రాళ్లే. అందులోకి అడుగుపెడితే నా గొంతు దానంతటదే తగ్గిపోయేది.

చాలా బొమ్మల్లో ముఖాలుండవు. వీపులే. ఎందుకని ఒకసారి అడిగాను.

"గొర్ల ఎన్క తిరిగి పెరిగినోణ్ణి బిడ్డా. మనిషి మొకం సర్దుకుంటడు గని, వీపును సర్దుకునుడు రాదు" అన్నాడు.

ఆ మాట నాకు నిజంగా అర్థమైంది బంట్వారం నుంచి ఒకావిడ వచ్చిన రోజున. ఆమె కొడుకు ఆ కళాశాలలోనే చదివి, సరిహద్దులో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మామ అక్కడ పనిచేశాడని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చింది.

"నా కొడుకు మీకు ఎరుకేనా సారూ?"

మామ గోడకు ఆనించిన పెద్ద కవాతు బొమ్మను వెలుతురులోకి తిప్పాడు. ఒకే రకం దుస్తులు, ఒకే టోపీలు, వరుసలు వరుసలుగా వీపులు. ఆమె నేలమీద కూర్చుని చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి ఆమె వేలు ఒకచోట ఆగింది.

"గీడున్నడు! ఎడమ బుజం గిట్లనే దించుతుండె. చిన్నప్పుడు చెట్టు మీదికెల్లి పడ్డడు."

"నిటారుగ పెట్టుమని డ్రిల్లు ఉస్తాదు రోజు తిడుతుండె. నేనైతె బొమ్మల సరిజెయ్యలేదమ్మా" అన్నాడు మామ.



వాణ్ణి విడిగా గీసిస్తానన్నాడు మామ. ఆమె వద్దంది. "దోస్తుల నడుమనే ఉండనీ సారూ. ఒక్కడైతె బెంగటిల్తడు. నేనే వచ్చి చూసిపోత."

ఆ తర్వాత తాండూరుకు ఏ పనిమీద వచ్చినా ఆ బొమ్మ ముందు కాసేపు కూర్చుని వెళ్లేది. పక్కన మామ తన పని తాను చేసుకునేవాడు.

మామను సాగనంపి వచ్చాక ఆ గదిలోకి వెళ్లాను. చివరి బొమ్మ స్టాండు మీదే ఉంది. అందులో కొత్తగా చేరే కుర్రాళ్లు ట్రంకు పెట్టెలతో లారీ దిగుతున్నారు. నేను చెయ్యి చాచబోతే గుమ్మంలోంచి అత్తమ్మ ఆపింది.

"ముట్టకు బిడ్డా, రంగింక ఆరలే."

దిగుతున్న ఒక కుర్రాడి కాలు ఇంకా నేలకు తగలలేదు. దాని కింద మట్టి తడిగా మెరుస్తోంది.