రత్నాబాయి శాలువా

ఇంకా కాని పనికి ముందే సన్మానం చేసేయడం రత్నాబాయికున్న జబ్బు. కామాటిపురా జనమంతా ఎమ్మెల్యే ఆఫీసుకు తిట్టడానికి వెళితే, ఆవిడ శాలువా కప్పడానికి వెళుతుంది. పక్కన కొబ్బరికాయతో నిలబడే ఉద్యోగం భర్త బాలనర్సయ్యది. పాపం, ఆయనకు సిగ్గుతో ప్రాణం పోతుంటుంది.

నల్లా రాకముందే "నల్లా పెట్టించినందుకు" కప్పింది. వీధిదీపం వెలగకముందే "దీపం వెలిగించినందుకు" కప్పింది. అన్నిటికీ అదే ఎర్ర శాలువా. జనం చప్పట్లు కొట్టగానే మడతపెట్టి సంచిలో వేసేసుకునేది.

"అదేంటి తాయీ, మళ్లీ తీసేసుకుంటున్నారు?" అన్నాడు ఎమ్మెల్యే ఓసారి.

"పనైన దినం మీకే ఇస్త సాబ్. అందాక నా దగ్గర భద్రంగుంటది."

నలుగురి ముందు కప్పించుకున్నాక "ఆ పని నేను చెయ్యలేదు" అని ఏ నాయకుడంటాడు? పీఏను పిలిచి, "నేనేం చేశానో కనుక్కుని, చేయించు" అనేవాడు. పనయ్యేలోగా రత్నాబాయికి ఇంకో పని దొరికేది. శాలువా మాత్రం ఆయనకు దక్కేది కాదు.

"తిడితె తలుపేసుకుంటరయ్యా. ఒక్కటే ముచ్చట చెప్పాలె, నవ్వుకుంట రావాలె" అని భర్తకు పాఠం చెప్పేది.

ఈసారి ముచ్చట, ఇరుకు గదుల చాల్‌లో తాముండే మూడో అంతస్తు సండాస్. అంతస్తు మొత్తానికీ అదొక్కటే మరుగుదొడ్డి. పైపు పగిలి, తాళం పడి నెలలయింది. అందరూ కిందికి దిగాల్సిందే. ఆ మధ్యనే పక్కగది ముసలి లక్ష్మమ్మ, రత్నాబాయి చాయ్ ఇస్తే వద్దనడం మొదలుపెట్టింది. మంచినీళ్లు కూడా గుక్కెడే. ముసలితనంలో ఇదేం పొగరని బాలనర్సయ్య అనుకున్నాడు.

దారంతా దడదడా నడిచిన రత్నాబాయి ఆఫీసు గుమ్మంలో కుంటడం మొదలుపెట్టింది.

"ఏమైందే?"

"కొబ్బరికాయ పట్టుకో. నోరు మూస్కో."

లోపలికెళ్లి శాలువా కప్పింది. "సండాస్ బాగుజేయించిండ్రు. పట్టుకోనీకి కడ్డీ గూడ పెట్టించిండ్రు. నా మోకాళ్లు మీకు దండం పెడ్తున్నయ్ సాబ్!"

ఎమ్మెల్యే పీఏ వైపు చూశాడు. పీఏ నిట్టూర్చాడు.

తాళం తీసే రోజు ఎమ్మెల్యే స్వయంగా వచ్చాడు. ఆయన్ని చూసి రత్నాబాయి శాలువా కోసం ఒక్క పరుగున మెట్లెక్కింది.

"తాయీ, మీ మోకాళ్లు?"

రత్నాబాయికి అప్పుడు గుర్తొచ్చి కుంటింది. ఈసారి రెండో కాలు.

అందరూ పైకెక్కి తాళం తీయగానే లక్ష్మమ్మ గోడ పట్టుకుని, అడుగులో అడుగేస్తూ వచ్చి, కొత్త కడ్డీని చేత్తో తడిమి చూసింది. బాలనర్సయ్యకు గుక్కెడు నీళ్ల సంగతి అప్పుడర్థమైంది.

"ఆమె పేరు చెప్తె సరిపోయేది గదనే" అన్నాడు భార్య చెవిలో.

"ఆమెకు ఇజ్జత్ ఎక్కువయ్యా. నాకేముంది, ఎన్నిసార్లన్న కుంటుత."

ఎమ్మెల్యే ఆశగా మెడ వంచాడు. రత్నాబాయి శాలువా కప్పింది. "మెట్లకు బల్బులు పెట్టించినందుకు!"

పీఏ తలెత్తి చూశాడు. బల్బుల్లేవు.

శాలువా మళ్లీ సంచిలోకి వెళ్లింది. సండాస్ తలుపు తీసుకుని బయటికొచ్చిన లక్ష్మమ్మ, రత్నాబాయి గుమ్మంలో చతికిలబడి గట్టిగా కేకేసింది.

"ఓ రత్నా! చాయ్ పెట్టినవా లేదా? గ్లాసు నిండ పొయ్యి!"