దుత్తలూరు అంబాసిడర్ ఇంజిన్ నంబరు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నా చివరి పోస్టింగు ఆత్మకూరు. జనం వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా, కొవిడ్ సద్దుమణిగాక వచ్చిన వేసవిలో, ఒక పాత అంబాసిడర్ నా తనిఖీకి వచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు అప్పటికి కొత్త. బండి అసలు రూపంలో ఉందా, ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఉందా అన్నది నేను తేల్చాలి.

యజమాని వేణుగోపాల్ దుత్తలూరు దగ్గరి రైతు. బండి చనిపోయిన వాళ్ల నాన్న కొన్నది.

"ఇంజిన్ అసలుది కాదు సార్. మా డ్రైవరు దేవసహాయం రిపేరుకని నెల్లూరు తీసకపోయి, మంచిది అమ్మేసి పాతది ఏపిచ్చుకొచ్చినాడని నాయన అనేవాడు. ఆర్సీలో కూడా ఉండాది చూడండి," అన్నాడు. ఆశ చంపుకోలేక దరఖాస్తు పెట్టాడంతే.

ఆర్సీలో ఇంజిన్ మార్పు నమోదై ఉంది. ఇంజిన్ బ్లాకు మీద కనిపించే నంబరూ ఆ కొత్త నంబరే. అక్కడితో తిరస్కరించి పంపవచ్చు. కానీ ఆ అంకెలు పైకి ఉబ్బి ఉన్నాయి. బ్లాకును పోత పోసేటప్పుడు అచ్చులోంచి వచ్చే అంకెలు అలా ఉంటాయి. దాన్ని పోత నంబరు అంటాం. అసలైన ఇంజిన్ నంబరు ఫ్యాక్టరీలో తర్వాత కొడతారు, అది లోపలికి దిగి ఉంటుంది.

కిరోసిన్ గుడ్డ, వైరు బ్రష్షు తెప్పించి బ్లాకు పక్క భాగమంతా శుభ్రం చేయించాను. గట్టిపడిన గ్రీజు పొర కింద చిన్న చదునైన చోటు, దాని మీద లోతుగా కొట్టిన అంకెలు బయటపడ్డాయి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీశాను. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నంబరుతో ఒక్క అంకె తేడా లేదు. అరగదీసి మళ్లీ కొట్టిన ఆనవాళ్లూ లేవు. ఆ ఇంజిన్ ఎప్పుడూ మారలేదు.

వేణుగోపాల్ వంగి ఆ అంకెలు తనే చదువుకున్నాడు. "మరి దేవసహాయాన్ని పనిలోనించి తీసేస్తిమే సార్," అన్నాడు.

పాత ఫైలు తెప్పించాను. "ఇంజిన్ నంబరు సరిపోలేదు" అన్న తనిఖీ రిపోర్టు కింద సంతకం నాది. సర్వీసులో చేరిన రెండో ఏడు, అసిస్టెంటు ఇన్‌స్పెక్టరుగా, పదిహేనేళ్లు నిండిన బండ్ల రెన్యువల్‌కు వెళ్లినప్పుడు రాసినది. పోత నంబరు చూసి ఇంజిన్ నంబరు అనుకున్నాను. ఆర్సీలో మార్పూ, దేవసహాయం మీద నిందా దాన్నుంచే వచ్చాయి. ఎంత ఆలోచించినా ఆ బండి నాకు గుర్తుకు రాలేదు.

పాత నమోదు రద్దుచేస్తే చాలు, పొరపాటు ఎవరిదో రాయనక్కర్లేదని పై అధికారి సలహా ఇచ్చారు. నేను నా పేరు రాశాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఆ విచారణ నేను రిటైరయ్యాక గానీ ముగియలేదు.

రిపోర్టు నకలు తీసుకుని ఉదయగిరి వెళ్లాను. దేవసహాయానికి ఎనభై దాటాయి. టీచరుగా పనిచేస్తున్న కూతురు కరుణ దగ్గర ఉంటున్నాడు. పని పోయాక ఆయన చేతికి ఎవరూ బండి తాళాలు ఇవ్వలేదని, చర్చిలో కానుకల సంచి పట్టుకునే పని కూడా తనంతట తనే మానుకున్నాడని ఆమె చెప్పింది.

ఇంజిన్ మారలేదని తేలిందని చెప్పాను.

"నేను మార్చలేదని నాకు తెలుసు గదా సార్. తెలియాల్సిన ఆయన పోయినాడు," అన్నాడు.

ఆ రిపోర్టు రాసింది నేనేనని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశాడు.

"అప్పుడు సన్నంగా ఉంటిరి. ఆ పొద్దు బోనెట్ ఎత్తింది నేనే. గ్రీజు ఉండాది, తుడుస్తా సార్ అంటే, కనపడతా ఉందిలే అంటిరి."

తప్పు జరిగిందన్నాను.

"ఆ మాట కాయితంలో రాసినారా?"

రాశానన్నాను. కూతురి చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

మరుసటి ఆదివారం వేణుగోపాల్ అదే కారులో వెళ్లి, ముందు సీట్లో కూర్చోమని ఆయన్ను అడిగాడట. దేవసహాయం ఎక్కలేదు. "చర్చి కాడికి రా. అప్పుడు నన్ను దొంగన్న మాట విన్నోళ్లు ఇంకా కొందరు ఉండారు. వాళ్ల ముందర చెప్పు," అన్నాడట. ఆరాధన ముగిశాక వేణుగోపాల్ అందరి ముందూ నిలబడి, తన తండ్రి పొరబడ్డాడని చెప్పాడు. ఈ సంగతి కరుణ ఫోన్ చేసి చెప్పింది.

తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చిన ప్రతి అసిస్టెంటుకూ ఈ కేసు నా పేరుతో సహా చెప్పాను. నంబరు సరిపోలేదని రాసేటప్పుడు, దాన్ని బ్లాకు మీద ఎక్కడ చదివామో రాయాలి, ప్రింటు జతచేయాలి. ఆ మాట మనం బండి గురించే రాస్తాం, జవాబు చెప్పుకోవలసి వచ్చేది మాత్రం దాన్ని నడిపే మనిషి. మా ఫారంలో అతని మాట రాసే గడి లేదు. అందుకే సంతకం పెట్టే ముందు అతణ్ణి అడగాలి.