దిబ్బను కలుపుకుందామన్న సభ

ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అన్న మాట గోదావరిఖనిలో అందరి నోళ్ళలో నానుతున్న రోజులవి. ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. మా ఊరు దాని పక్కనే, ఏటి ఒడ్డున ఉండేది. ఎదురుగా, గోదావరి నడుమ పెద్ద ఇసుక దిబ్బ. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు ఏళ్ళ తరబడి దాని మీద పుచ్చకాయలు పండించుకుంటున్నాయి.

ఆ దిబ్బను మన ఊళ్ళో కలుపుకోవాలని మా సర్పంచ్‌కు బుద్ధి పుట్టింది. కాయలు తియ్యగా ఉన్నాయని పైకి చెప్పేవాడు. ఓట్లు అంతకన్నా తియ్యగా ఉంటాయని ఊరందరికీ తెలుసు.

దీన్ని అందరికన్నా గట్టిగా ఎదిరించింది మా బావ, అంటే మా అక్క భర్త. బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడు. అన్నం ముందు కూర్చున్నా ఉపన్యాసమే.

"దిబ్బ కలిస్తె వాళ్ళు లోకలైతరు. రేపు తక్కువ కూలికి మా పనులల్లకు వస్తరు. మేమేం గావాలె?"

"వాళ్ళ కాయలు తింటున్నవ్ గద బావా?"

"కాయలు వేరు, మనుషులు వేరు. నీకు తెల్వది, ఊకో."

ఊరుకుంటే నేనాయన మరదలినెలా అవుతాను? మర్నాడు బడికి సెలవు. పిల్లలకు పాఠాలు చెప్పే పని లేదు కాబట్టి పడవెక్కి దిబ్బకు వెళ్ళాను. అక్కడ అందరికీ పెద్ద ఒక అవ్వ. కాయ కోసి నా చేతిలో పెట్టింది.

"అవ్వా, మిమ్ముల మా ఊళ్ళె కలుపుకుంటరట."

కోస్తున్న కత్తి ఆగింది. "మమ్ముల అడుగకుండనా?"

"ఆదివారం సభ ఉన్నది. వచ్చి అడుగుండ్రి" అని, కాయ పూర్తిగా తినేసి వచ్చాను.

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగియగానే జనమంతా షామియానా కింద చేరారు. సర్పంచ్ మాట్లాడాడు. బావ మైకు గుంజుకుని, "బయటోళ్ళు మన కూలి గుంజుకుంటరు" అంటుండగానే అవ్వ తన వాళ్ళతో వచ్చి నిలబడింది. ఆమెకు మైకు ఎవరూ ఇవ్వలేదు. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు కూడా.

"మేం గూడ కూసోని మాట్లాడుకున్నం. మాకొద్దు. ఊరు కలిస్తె మీ ఖాళీగున్న పోరగాండ్లంత మా దిబ్బ మీదికి పనికొస్తరు. తక్కువ కూలికి ఒప్పుకుంటరు. మా పిల్లల నోట్లె మట్టి వడతది."

అంతే, షామియానా ఎగిరిపోయేంత నవ్వు. తన మాటలే ఆమె నోట విని బావ మైకు పట్టుకునే నిలబడ్డాడు. నేను నవ్వు దాచుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అవ్వను పిలిచింది నేనేనని పోల్చుకున్నట్టు ఆయన నా వైపు చూశాడు. "మళ్ళ సూద్దాం" అని సర్పంచ్ సభ ముగించాడు. మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

ఆ ఎండాకాలమే బావ పనిచేసే చోట కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన తన మనుషులను తెచ్చుకున్నాడు. బావ కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని అందరినీ కసిరాడు. చివరికి ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా, భుజాన తువ్వాల వేసుకుని పడవెక్కాడు. సాయంత్రం ముఖం కందిపోయి వచ్చి, తనే చెప్పాడు.

"పనుందా అవ్వా అన్న. ఉన్నది గని, మావోళ్ళతోని సమానం కూలి తీసుకోవాలె, తక్కువకు చేస్తనంటె మళ్ళ పడవెక్కిస్త అన్నది." తువ్వాలతో ముఖం తుడుచుకుని, "గా మాట నేను మైకుల అనకపోతినే" అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా వినడం నాకదే మొదలు. ఏడిపించకుండా అన్నం వడ్డించాను.

ఆ మెత్తదనం అన్నం తినేదాకే. "ఆదివారం నువ్వు గూడ రా. కాయలు మొయ్యనీకి మనుషులు తక్కువున్నరు" అన్నాడు.

వెళ్ళాను. మోసిన మొదటి కాయే చేయి జారి పగిలింది. అవ్వ తిట్టిన తిట్లు పడవ దాకా వినిపించాయట. బావ ఆ రోజు నవ్విన నవ్వు సభలో ఊరంతా నవ్విన నవ్వుకన్నా పెద్దది.