ఒకే గుట్ట, ఒకే రోజు, రెండుసార్లు

ఈ యాత్రకు కారణం నా నోరు.

గురువారం నాచారంలో మా ఇంటికి బావమరిది మురళి భోజనానికి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చేతిలో సబ్బుపెట్టె అంత జీపీఎస్ యంత్రం. ప్రపంచమంతటా కొందరు డబ్బాలు దాచి, అవి ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాల అంకెలు నెట్‌లో పెడతారట. వెతికి పట్టుకున్నవాడు లోపలున్న పుస్తకంలో పేరు రాసి రావాలట. దమ్మాయిగూడ దాటాక ఒక గుట్ట శిఖరం మీద అలాంటి డబ్బా ఉందంటూ కాగితం చూపించాడు. బొమ్మలో డబ్బా ఆకుపచ్చగా ఉంది. నాకు ఆ మాత్రం చాలు.

"ఆ పచ్చ డబ్బాయేగా? పోయిన నెలే ఎక్కాను. పేరు కూడా రాసి వచ్చాను," అన్నాను.

"అలాగా బావగారూ. ఆదివారం నేనూ ఎక్కుతున్నా. మీ పేరు ఫొటో తీసుకొస్తా," అన్నాడు మురళి.

మా ఆవిడ చారు గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఇదీ కోతేనని తేలితే, ఇకనుంచి ఈ ఇంట్లో అన్నం దగ్గర మీ కథలు బంద్."

పాతికేళ్లుగా కథ చెప్పకుండా నాకు ముద్ద దిగిన రోజు లేదు. కనుక మురళి కంటే ముందే ఎక్కి పేరు రాసేయాలి. శనివారం సెలవు పెట్టి, ఇంట్లో ఫ్యాక్టరీకని చెప్పి, కాగితం మీది అంకెలు చీటీలో రాసుకుని బయల్దేరాను.

ఉదయం 5.50. మా వీధి చివర బస్సు ఎక్కితే సీటు దొరకదు. అందుకని సీటు కోసం వెనక్కి ఉప్పల్ వెళ్లి, కుషాయిగూడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ముప్పావుగంట తర్వాత ఆ బస్సు మా వీధి ముందుకే వచ్చి ఆగింది. కూరగాయల బండి దగ్గర మా ఆవిడ బెండకాయలు విరిచి చూస్తోంది. నేను సీటు కిందికి వంగాను.

"ఏమైంది సార్, పోలీసోళ్లా?" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి.

"మా ఆవిడ."

"గట్లయితే ఇంకా జర వంగున్రి."

కండక్టరుకు చీటీ చూపించి ఈ అంకెల దగ్గర ఎక్కడ దిగాలని అడిగాను. ఆయన రెండు వైపులా తిప్పి చూశాడు. "గీ స్టేజీ మన రూట్ల లేదు సార్. కుషాయిగూడల దిగి ఆటోవాళ్లను అడుగున్రి."

7.20కి కుషాయిగూడలో ఇడ్లీ. చట్నీ రెండోసారి అడిగినా వేస్తారు, వెళ్లేవారు గమనించగలరు. అక్కడినుంచి దమ్మాయిగూడకు ఏడుగురి ఆటోలో పదమూడో వాణ్ని నేను. గుట్ట పేరు మాత్రం చెప్పను. చెబితే వచ్చే వారానికి ప్లాట్లు వేస్తారు. దాని ఎత్తు ఇంతవరకు ఎవరూ కొలవలేదు. నేను కొలిచాను. ఎవరెస్టుకు రెండు మూరలు తక్కువ. సగం దూరంలో గాలి పలచబడితే గోలీసోడా కొట్టి, అందులోంచి వచ్చిన గ్యాసు పీల్చి బతికాను.

రహస్యంగా దాచిన డబ్బా అన్నారు కదా. కింది బండ నుంచి పైదాకా సున్నంతో బాణం గుర్తులున్నాయి.

9.40కి శిఖరం. రెండు బండల నడుమ ఆకుపచ్చ ఇనప డబ్బా. దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ముందు అగరొత్తులు. పక్కన నాలుగు మేకలు, ఒక అవ్వ.

"చెప్పులిడ్శి రా," అంది అవ్వ.

విడిచాను. డబ్బాలో బొమ్మ కారు, ఏదో విదేశీ నాణెం, కొబ్బరిచిప్ప, పుస్తకం ఉన్నాయి. పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో ఇంగ్లీషులో ఐదారు పేర్లు. ఆ పేర్ల సందుల్లో, తర్వాతి పేజీలన్నిటిలో, మార్జిన్లలో, రకరకాల చేతిరాతల్లో 'శ్రీరామ శ్రీరామ'. గుట్ట మీద, పెన్నుతో సహా తెల్లకాగితాల పుస్తకం కనబడితే అది రామకోటి కాక మరేమిటి? అవ్వ అలాగే అనుకుంది.

"నాకు రాయొస్తలేదు బిడ్డా. ఎవలు పైకొస్తే వాళ్లతోని నూటెనిమిది రాపిస్తున్న. కోటి నిండాలె."

"ఒక్క మూల నా పేరు రాసుకోనా అవ్వా?"

"దేవుని పేరు మీద నీ పేరా? జాగా యాడుంది? పుస్తకం ఒడ్శింది. కిందికి పోయి కొత్తది తే. తెచ్చినోళ్ల పేరు అట్ట మీద రాస్తరు గద, గుళ్లె ట్యూబులైటు మీద రాసినట్టు."

నాకు ప్రాణం లేచొచ్చింది. దిగాను. కింద కిరాణా కొట్టులో రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, అట్ట మీద 'దాత' అని మొదలుపెట్టి నా పేరు, నాచారం చిరునామా, గోత్రంతో సహా రాశాను. మళ్లీ ఎక్కాను. ఈసారి గుట్ట ఎవరెస్టును దాటింది.

11.45కి పైకి చేరేసరికి అవ్వ ముందు, చెప్పులు విడిచి, బాసిపట్లు వేసుకుని మురళి కూర్చున్నాడు. ఒళ్లో జీపీఎస్ యంత్రం. దానికీ బొట్టు పెట్టి ఉంది.

"ఆదివారం అన్నావుగా?" అన్నాను.

"శనివారం మీరొచ్చి రాసేస్తారని అనుమానం వచ్చింది బావగారూ." నా చేతిలోని కొత్త పుస్తకం చూశాడు. అట్ట చదివాడు. "సిరా కూడా ఆరలేదే. అవ్వా, నిజం చెప్పు. ఈయన పోయిన నెల ఇక్కడికొచ్చాడా?"

నా పాతికేళ్ల భోజనాలు అవ్వ నోట్లో ఉన్నాయి. అవ్వ నన్ను చూసింది. పుస్తకం అందుకుని, పేజీలు బొటనవేలితో సర్రున తిప్పి చూసుకుంది.

"వచ్చిండు. రాసిండు. పాత పుస్తకంల యాడనో ఉంటది, దేవులాడుకో," అంది.

మురళి పాత పుస్తకం ముందేసుకుని రాముళ్ల మధ్య నన్ను వెతకడం మొదలుపెట్టాడు. అవ్వ కొత్త పుస్తకం నా ఒళ్లో పెట్టి, మెల్లగా అంది. "నీ అబద్ధానికి నూటెనిమిది. నా అబద్ధానికి నూటెనిమిది. నాది గూడ నువ్వే రాయాలె, నాకు రాయొస్తలేదు గద."

రెండున్నరకు రాయడం పూర్తయింది. మురళి వెతకడం పూర్తి కాలేదు. "ఒప్పుకుంటున్నా బావగారూ, పదండి," అన్నాడు.

తిరుగు బస్సులో టికెట్ పట్టుకోవడానికి నా వేళ్లు వంగలేదు. కండక్టరే దాన్ని నా జేబులో పెట్టాడు. ఇన్నేళ్లుగా నేను చెప్పిన కథలకు ఒక్క సాక్షి కూడా లేడు. ఈ ఒక్కదానికి దొరికింది, ఆమె నాకంటే బాగా చెబుతుంది. ఆ సాయంత్రం అన్నం దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఆవిడ చారు పోస్తూ ఒక్క ముక్క కూడా నమ్మలేదు. బంద్ మాత్రం చేయలేదు.