కోతి పడాలంటే తప్పు నొక్కాలి

చేతిలో టాబ్లెట్ ఉంటే చాలు, ఎవరికి ఎంత తెలుసో చెప్పేయొచ్చని గట్టిగా నమ్మిన రోజులవి. పన్నెండేళ్ళ కిందట, ఆటలతో చిన్నపిల్లలకు లెక్కలు వస్తాయా రావా అని పరిశోధించేవాళ్ళు నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. రోజూ ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరిలో ఒక బడికి పోయేవాణ్ణి, మెడలో ఐడీ కార్డుతో (బస్సులో కూడా తీసేవాణ్ణి కాదు). ఆటలో ఒక కోతి కొమ్మ మీద కూర్చుని లెక్క అడుగుతుంది. ఒప్పు చెబితే నక్షత్రం వస్తుంది. తప్పు చెబితే కోతి "అమ్మోయ్!" అంటూ దబ్బుమని చెరువులో పడుతుంది. నెల తిరిగేసరికి రెండో తరగతి మార్కులు సున్నాకు దిగాయి. నేను ఏమాత్రం తడబడకుండా రిపోర్టు పంపాను: "ఈ పిల్లలకు కూడికలు కూడా రావు. బోధనలోనే లోపం."

ఆ వాక్యం తిరిగి తిరిగి వాళ్ళ టీచరుకు మెమో అయి వచ్చింది. ఊరంతా ఆవిణ్ణి ఎక్కాల టీచరమ్మ అనేవారు. "ఏంది నాయనా, నా పిలకాయలకి కూడికలు రావా?" అని కాగితం నా ముందు పెట్టారు.

"నేను కాదు టీచరమ్మా, మిషను చెప్తా ఉండాది."

ఆ మధ్యాహ్నమే ఒక రెండు జడల పిల్ల, నాలుగూ మూడూ ఎంతని కోతి అడిగితే, "ఏడు" అని గొణిగి తొమ్మిది నొక్కడం చూశాను. "తెలిసి తప్పెందుకు నొక్కినావు?" అన్నాను.

"ఏడు నొక్కితే కోతి పడదు గదా సార్!"

"నిన్న ఇది పొరపాటున కరెక్టు నొక్కేసింది సార్, అందరం తిట్టినాం," అంది పక్కపిల్ల.

ఒక్కటి కూడా ఒప్పు కాకుండా చూసుకోవాలంటే అన్ని జవాబులూ తెలిసుండాలి. సున్నా వచ్చిందంటే క్లాసంతా ఫస్టే! ఆ సంగతి పైకి రాయాల్సింది నేను. రాయలేదు. ఉద్యోగం ఊడుతుందని భయం, అంతకు మించి (ఇప్పుడు దాచేదేముంది) కోతి చేతిలో ఓడానని ఒప్పుకోలేక. టీచరమ్మను దుత్తలూరు అవతలికి మార్చారు.

మొన్న ఆత్మకూరు బస్టాండులో కనిపించారు. రిటైరయ్యారట. దణ్ణం పెట్టి అంతా చెప్పేశాను. "తప్పని తెలిసినాక కూడా దిద్దలా?" అన్నారు.

"దిద్దలేదు టీచరమ్మా."

"తెలిసే తప్పు నొక్కినావంటే నువ్వూ నా పిలకాయల మాదిరే. ఇప్పుడైనా కరెక్టు నొక్కు నాయనా," అని నవ్వి బస్సెక్కారు.

నొక్కుతున్నాను. ఆ పిలకాయలందరికీ లెక్కలు వచ్చు. మెడలో కార్డు వేసుకున్నవాడికే రాలేదు. వాడు గుర్తొచ్చినప్పుడల్లా ఎక్కడో "అమ్మోయ్!" అని వినిపిస్తుంది. నాలో నేనే నవ్వుకుంటాను.