నాయన గిటార్‌కు కొత్త పికప్‌లు

ఫ్యాక్షన్ గొడవల రోజులవి. జమ్మలమడుగులో మా వీధి పక్కనే ఆ వారం నాటుబాంబులు పడ్డాయి. మా నాయన చర్చిలో పాత ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాడు. అందులోంచి పాట కంటే గురగుర ఎక్కువగా వచ్చేది. అప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్న నేను, తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లనూ లోపలి వైరింగునూ మొత్తం మార్చేశాను.

ఆదివారం ఆరాధనలో నాయన వైరు గుచ్చగానే స్పీకర్ ఢామ్మని పేలినట్టు మోగింది.

"బాంబు!" అని ఎవరో అరిచారు. జనమంతా బెంచీల కింద దూరారు.

"బాంబు కాదప్పా! సౌండు తగ్గియ్యకుండా వైరు పెట్టినా, తప్పు నాదే. మా పాప చేసిన పని ఇనండి" అని నాయన తీగ మీటాడు.

గురగుర లేదు. గిటార్ తేటగా పలికింది. ఒక్కొక్కరే లేచి పాట అందుకున్నారు. చప్పుడంటేనే వణికిపోయే ఊళ్లో, నా చేతిపని విని జనం లేచి నిలబడ్డారు. ఆ సంగతి ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.